మెరక కోసం ఎక్కిన కొండ

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను, ఒక్కరోజు కుర్చీలో కూర్చుని చెప్పిన పాపాన పోలేదు. బెంచీల మధ్య తిరుగుతూ, కిటికీ దగ్గర ఆగి, మళ్ళీ తలుపు దాకా వెళ్ళి వస్తూ చెప్పేదాన్ని. వెనక వరస పిల్లలు నాకు షటిల్ సర్వీసు అని పేరు పెట్టారని రిటైరైన రోజున గానీ తెలియలేదు. ఇంట్లోనూ అంతే. భోజనం మధ్యలో రెండుసార్లు లేవకపోతే తిన్నట్టే ఉండదు. మా ఆయన దీనికి ఏనాడో అలవాటు పడిపోయారు. నేను లేవగానే తన గ్లాసు కూడా చేతికిచ్చి, ఎలాగూ లేచావుగా, మజ్జిగ పోసుకురా అంటారు.

ఇలాంటి మనిషికి కొండ రైళ్ళ పిచ్చి పట్టడం విడ్డూరమే. పట్టాల మధ్య రెండు మూరల దూరం కూడా ఉండని ఆ చిన్న రైలు, ఎక్కడికో వెళ్ళాలన్న తొందరే లేనట్టు కొండ చుట్టూ తిరుగుతుంది. కానీ అందులో కూర్చుంటే నేను కదలక్కర్లేదు, నా బదులు లోకమంతా కదులుతుంది. కుడివైపున్న లోయ మలుపు తిరిగేసరికి ఎడమవైపుకు వస్తుంది. ఇందాక దాటిన ఊరే కాసేపటికి కాళ్ళ కింద కనబడుతుంది, ఇంకాసేపటికి మరీ చిన్నదై మళ్ళీ కనబడుతుంది. వంపు దగ్గర తల బయటపెడితే మన ఇంజన్ మనకే ఎదురొస్తున్నట్టుంటుంది. గోదావరి లంకలో పుట్టినదాన్ని నేను. మాకు ఎత్తంటే ఏటిగట్టు, అంతకు మించి ఎత్తంటే కొబ్బరిచెట్టు. నేల ఎంత చదునంటే, నీళ్ళకు ఎటు పోవాలో మనమే కాలవ తవ్వి చూపించాలి. అందుకే కాబోలు, నిలువుగా లేచిన ఆ నేల మీద నా కాళ్ళలోని దురద కాస్త తగ్గేది.

ఈ పిచ్చిలో నాకు తోడు మా తోడికోడలు, అంటే మా మరిది భార్య. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. భీమవరం పక్కన చేపల చెరువుల మధ్య పుట్టింది. పెళ్ళయ్యాక మా మరిదిని కూడా ఆ చెరువుల దగ్గరికే లాక్కుపోయిందని మా అత్తగారు చివరిదాకా సణిగేవారు. మేము రాజమండ్రిలో, వాళ్ళు భీమవరంలో. తోడికోడళ్ళ గురించి లోకం ఏవేవో అనుకుంటుంది గానీ మా ఇద్దరికీ మొదటినుంచీ పొత్తు కుదిరింది. నేను ఎంత కాలుగాలిన పిల్లినో ఆమె అంత నిదానం. కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో చేగోడీల డబ్బా పెట్టుకుందంటే, దిగే స్టేషను వచ్చేదాకా మళ్ళీ లేవదు. మా ఆయనకు మలుపులు తిరిగే బస్సెక్కితే చాలు, కడుపులో తిప్పేస్తుంది. మా మరిదికి చెరువులో ఏరేటర్లు ఆగిపోతాయన్న బెంగ. నీళ్ళకు గాలి కొట్టే చక్రాలవి, కరెంటు పోయి అవి ఆగితే చేపలు తేలిపోతాయి. ఇక మిగిలింది మేమిద్దరమే. ఊటీ రైలు ఎక్కాం, సిమ్లా రైలు ఎక్కాం, డార్జిలింగ్ రైలు ఎక్కాం. వేరేవాళ్ళతో వెళ్ళమని చాలామంది సలహా ఇచ్చారు. రిటైరైన టీచర్లంతా కలిసి బస్సు మాట్లాడుకుని తిరుగుతారు, అందులో రెండుసార్లు వెళ్ళి చూశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంత్యాక్షరి. నాతో ప్రయాణం చెయ్యగలిగిన మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే, అది నాకు బాగా తెలుసు.

డార్జిలింగ్ రైల్లోనే మాకు మొదటిసారి చెడింది. ఇంజన్ నీళ్ళు పట్టుకోవడానికి ఒకచోట ఆగింది. ఆ పట్టాలు బజారు మధ్యలోంచి పోతాయి, చెయ్యి చాపితే కొట్లో వేలాడదీసిన స్వెట్టర్లు తగులుతాయి. నేను దిగాను. మొదట ఇంజన్ చూశాను, తరవాత టీ కొట్టు చూశాను, తరవాత సందు చివర ఏదో పువ్వుల తొట్టి కనిపిస్తే అది చూశాను. కూత వినబడి వెనక్కి తిరిగేసరికి రైలు కదిలిపోతోంది. పరుగెత్తి ఆఖరి పెట్టె పట్టుకున్నాను. పెట్టెకీ పెట్టెకీ మధ్య దారి లేదు కాబట్టి తరవాతి స్టేషను దాకా అక్కడే ఉండిపోయాను. నేను మా పెట్టె ఎక్కేసరికి మా తోడికోడలు రెండు సంచులూ ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. నేను నవ్వాను. అదీ నేను చేసిన పని. ఆమె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మరుసటేడు వానాకాలం చివర, హిమాలయాల దిగువన ఉన్న ఇంకో చిన్న రైలుకి టికెట్లు తీసినప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది. ఫోన్లో మామూలు గొంతుతోనే అంది.

"ఈసారి గమ్యం రాకుండా మధ్యలో దిగావంటే, ఇంక నీతో ఎప్పుడూ రానక్కా."

సరేనన్నాను. నవ్వలేదు. ఆమె ఊరికే బెదిరించే రకం కాదు. ఒకసారి చింతపండు ఎక్కువ వేశావని నేనన్న మాటకు, ఇప్పటికీ మా ఇంట్లో పులుసు పెట్టదు.

ఆ రైలు దారి పేరు రాయను. తప్పు నాది, దారిది కాదు.

పొద్దున్నే కింది స్టేషన్లో ఎక్కాం. వానలు వెనక్కిపోయాయని అందరూ చెప్పారు. ఎండ కూడా వచ్చింది. మా పెట్టెలో పదిహేను మందిమి ఉంటాం. కొత్తగా పెళ్ళయిన జంటలు, ఒక పంజాబీ కుటుంబం, పైనున్న ఊళ్ళో పని చేసే ఇద్దరు నర్సులు. సొరంగాల్లో కుర్రజంటలు కేకలు పెట్టారు. నేను చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మొదటి హాల్టులో అందరూ పకోడీలకు దిగితే నేను దిగలేదు. రెండో హాల్టులోనూ దిగలేదు. మా తోడికోడలు నావైపు ఓరగా చూసి, ఒక చేగోడీ తీసి చేతిలో పెట్టింది, బుద్ధిగా ఉన్న పిల్లకు ఇచ్చినట్టు. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది.

మూడోచోట రైలు ఆగి కదల్లేదు. చిన్న స్టేషను. ఒక గది, ఒక బల్ల, వెనక నిట్టనిలువు వాలు, దాని మీద దేవదారు చెట్లు. ముందు ఎక్కడో పట్టాల మీద రాళ్ళు పడ్డాయట, తీసేసరికి గంటో రెండు గంటలో పడుతుంది, ఎవరూ పెట్టె దిగొద్దు అని గార్డు ప్రతి కిటికీ దగ్గరా చెప్పి వెళ్ళాడు. అతను వెళ్ళిన కాసేపటికి వాన మొదలైంది.

మొదట సన్నగా పడింది. తరవాత రేకు మీద కంకర పోస్తున్నట్టు పడింది. కిటికీ అద్దాలు దించేశారు. స్టేషను పక్కనుంచి ఒక వాగు వచ్చి పట్టాల కింద తూములోంచి లోయలోకి దూకుతోంది. మేమొచ్చినప్పుడు అందులో నీళ్ళు తేటగా, చీలమండ లోతు ఉన్నాయి. నేను అద్దం తుడిచి చూశాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఇది చదివేవాళ్ళు లంకలో పుట్టకపోతే ఎర్రనీళ్ళంటే ఏమిటో చెప్పాలి. వేసవి అంతా గోదావరి పచ్చగా, బద్ధకంగా ఉంటుంది. పైన ఎక్కడో వానలు పడి ఆ మట్టంతా కోసుకొచ్చి ఒకరోజు నది ఎర్రబడుతుంది. ఆ రోజునుంచి మా లంకలో ఎవరూ స్థిమితంగా నిద్రపోరు. మా నాన్న పెరట్లో నీటి అంచున ఒక పుల్ల గుచ్చేవారు. గంటకోసారి వెళ్ళి చూసొచ్చేవారు. పుల్ల మునిగిందా, ఇంక మాటల్లేవు, బియ్యం మూట, పిల్లలు, పాడి, అందరూ మెరక మీదికి. మెరక అంటే చుట్టుపక్కల నేలకన్నా నాలుగడుగులు ఎత్తున్న చోటు, అంతే. ఆ నాలుగడుగులే ప్రాణం. నాకు ఏడేళ్ళప్పుడు మా పక్కింటావిడ గేదె పలుపు విప్పి వస్తానని మెరక దిగి వెనక్కి వెళ్ళింది. మేమంతా మెరక మీద నిలబడి పిలిచాం. నేనూ పిలిచాను, గొంతు బొంగురుపోయేదాకా. ఆవిడ రాలేదు.

వాగులో ఒక నల్ల రాయి ఉంది. దాని మీద కన్నేసి కూర్చున్నాను. సగం మునిగింది. మా తోడికోడలు ఏదో చెబుతోంది, వాళ్ళ పిన్నికూతురి గృహప్రవేశం సంగతి. నాకు చెవికెక్కడం లేదు. చుట్టూ అందరూ పొట్లాలు విప్పుకుని తింటున్నారు. ఒకావిడ ఊలు అల్లుకుంటోంది. వీళ్ళకేమీ పట్టదా అని ఒళ్ళు మండింది. మళ్ళీ చూశాను. రాయి లేదు.

లేచి నిలబడ్డాను. దిగు, పైకి పోదాం అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. కూర్చోమని అనలేదు, షరతు గుర్తు చెయ్యలేదు. డబ్బా మూత పెట్టి సంచిలో వేసుకుని, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, నా వెనకే దిగింది. గార్డు గదిలోంచి కేక వేశాడు. వినబడనట్టే నడిచాను.

స్టేషను వెనకనుంచి ఒక కాలిబాట చెట్ల మధ్యకు ఎక్కుతుంది. పైన యాభై అరవై అడుగుల ఎత్తున చదునుగా ఉన్న కాస్త చోటు రైలు ఆగీఆగకముందే నా కంటపడింది. ఎక్కడికి వెళ్ళినా మెరక ఎక్కడుందో ముందు చూసుకుంటాను, అది నా ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. ఆమె చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయాను. బాట నిండా నీళ్ళు కాలవ కట్టి పారుతున్నాయి. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, నాకు గుర్తే లేదు. పైకి చేరి ఊపిరి పీల్చుకున్నాను. కింద రైలు అగ్గిపెట్టెలు వరసగా పేర్చినట్టుంది. ఇంక భయం లేదనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పెట్టెల్లో కూర్చున్నవాళ్ళను చూసి జాలిపడ్డాను కూడా.

అప్పుడు పట్టాలు చూసుకుంటూ తిరిగే గ్యాంగ్‌మన్ ఒకతను కిందనుంచి చేతులు ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. రమ్మంటున్నాడు. రానని తల ఊపాను. ఇతనికేం తెలుసు నీళ్ళ సంగతి అనుకున్నాను, హిమాలయాల్లో పుట్టి, ఆ పట్టాల మీద జుట్టు నెరిసిన మనిషిని. ఇంతలో నా పాదం పక్కనుంచి ఒక గులకరాయి దొర్లుకుంటూ పోయింది. దాని వెనక ఇంకోటి. తరవాత పిడికెడంత రాయి. పైకి చూస్తే ఒక చెట్టు, గాలి లేకుండానే, మెల్లిగా పక్కకు వాలుతోంది.

అతను మమ్మల్ని కిందికి దింపలేదు. అడ్డంగా లాగాడు, పక్కనున్న పెద్ద బండ వైపు. నేను చేరాను. మా తోడికోడలు కాలు జారి బురదలో కూర్చుండిపోయింది, కూర్చున్నది కూర్చున్నట్టే కిందికి జారుతోంది. అక్కా అని పిలవలేదు. అతను బండ అంచున బోర్లా పడుకుని ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. కొంగు చిరిగింది. ఇద్దరం కలిసి లాగితే వచ్చింది. ఆమె బండ మీదికి వచ్చాక, మేమెక్కిన బాట బాటంతా, మట్టీ రాళ్ళూ చెట్టుతో సహా, పెద్ద చప్పుడు కూడా లేకుండా కిందికి దిగిపోయింది. స్టేషను దాకా పోలేదు, మధ్యలో ఆగింది.

ఆ మనిషి లేస్తూనే నన్ను తిట్టాడు. నాకు హిందీ అంతంతమాత్రమే అయినా ప్రతి మాటా అర్థమైంది. ఇక్కడ చావు పైనుంచి వస్తుంది, వానలో పైకి ఎక్కేవాళ్ళుంటారా, ముసలిదానివి, ఆమాత్రం తెలియదా అని. నేను వాగు వైపు వేలు చూపించాను. అతను చూసి, నీళ్ళు లోయలోకి పోతాయి, ఇంకెక్కడికి పోతాయి అన్నాడు. నిజమే. ఎర్రనీళ్ళు తూములోంచి హోరుమని దూకి లోయలోకి పోతున్నాయి. పట్టాలను తాకనైనా లేదు. వాలులో నీళ్ళు నిలవవు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదానికి ఆ చిన్న సంగతి తట్టలేదు.

బండ అవతలి పక్కనుంచి అతనే మమ్మల్ని కిందికి దింపాడు. పెట్టెలో అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. ఊలు అల్లే ఆవిడ మాకు తన తువాలు ఇచ్చింది. నర్సులిద్దరూ మా తోడికోడలి కాలు చూసి, విరగలేదు గానీ మోకాలి దగ్గర నరం సాగిందని గట్టిగా కట్టు కట్టారు. గార్డు వచ్చి నన్ను చూసి, మా పెట్టె తలుపుకు గొళ్ళెం వేసి వెళ్ళిపోయాడు. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. మధ్యాహ్నానికి దారి తెరిచారు. పై స్టేషను దాకా నేను కదలకుండా కూర్చున్నాను. ఎన్ని సొరంగాలు వచ్చాయో, ఎన్ని వంతెనలు దాటామో నాకు గుర్తులేదు.

తిరుగు ప్రయాణంలో రెండు రోజులూ ఆమె అన్నీ మాట్లాడింది. ఆగ్రా దగ్గర ఉక్క గురించి, నాగపూర్‌లో ఎక్కినవాళ్ళ పిల్లల అల్లరి గురించి, ఏరేటర్ల గురించి. దాని గురించి మాత్రం ఒక్క మాట లేదు. నేను క్షమించమని అడగడానికి నాలుగుసార్లు నోరు తెరిచి, ప్రతిసారీ లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చాను. ఇంట్లోవాళ్ళకు ఆమె చెప్పిన కథ వేరే. స్టేషన్లో తడి బండల మీద తనే చూసుకోకుండా జారానంది. మా మరిది ఆమెనే మందలించాడు, వయసొచ్చింది, చూసుకుని నడవొద్దా అని. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా మెదపలేదు.

ఆ తరవాత నెలలు నాకు నరకంగా గడిచాయి. పొద్దున్నే పుష్కరాల రేవు దాకా నడిచేదాన్ని, సాయంత్రం మళ్ళీ నడిచేదాన్ని. మా ఆయన కాళ్ళు అరిగిపోతాయే అనేవారు. రోజూ భీమవరం ఫోను చేసి మోకాలు ఎలా ఉందని అడిగేదాన్ని. బాగానే ఉందక్కా అనేది. ఆ బాగానే ఉండడంలో కోపం ఉందేమోనని వెతికేదాన్ని. కోపం ఉంటే బాగుండునని కూడా అనిపించేది. సంక్రాంతి వెళ్ళి చలి విరిగాక ఉండబట్టలేక మళ్ళీ సిమ్లా రైలుకి రెండు టికెట్లు తీశాను. వానాకాలం కాదు, తెలిసిన దారి, ముందు వరసలో కిటికీ పక్క సీట్లు. ఆ టికెట్లున్న ఫోను పట్టుకుని పొద్దున బస్సెక్కి భీమవరం వెళ్ళాను.

ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని, కట్టు తీసేసిన కాలు చాపుకుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. నేనూ ఎదురుగా కింద కూర్చుని ఒక గుప్పెడు తీసుకున్నాను. టికెట్లు చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, తేదీ చూసి, సీట్ల నంబర్లు చూసి, మంచి సీట్లే దొరికాయి అంది. ఫోను తిరిగి ఇచ్చేసింది. నాకు ఆగలేదు. ఇన్ని నెలలూ అడగాలనుకున్నది అడిగేశాను.

"ఆ రోజు నన్ను ఆపొచ్చుగా. షరతు పెట్టినదానివి, ఎందుకు దిగావు నా వెనక?"

ఆమె కాయ ఈనె తీసి, రెండు ముక్కలు చేసి గిన్నెలో వేసింది.

"పెట్టెలో ఎవరూ కదల్లేదు, నాకూ కనబడింది. పైకి వెళ్ళడం తప్పని నాకూ అనిపించిందక్కా. కానీ నీ మొహం చూశాను. నువ్వెప్పుడూ చెప్పే ఆ మెరక మీది ఏడేళ్ళ పిల్ల మొహంలా ఉంది. నిన్ను ఒక్కదాన్నే పంపలేకపోయాను."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ నేను ఆమెను లాక్కెళ్ళాననుకుంటున్నాను. చెయ్యి పట్టుకున్నది నేనే, కానీ నన్ను కనిపెట్టుకుని వెంట వచ్చింది ఆమే. ఈసారి కదలను, ఒట్టు, నన్ను సీటుకు కట్టేసినా సరే అని బతిమాలాను. ఆమె నా చేతిలో నలిగిపోయిన చిక్కుడుకాయ తీసేసుకుని, అది కూడా గిన్నెలో వేసింది.

"కదుల్తావక్కా. నీ చేతుల్లో లేదు. నువ్వు ఏ మెరకో ఎక్కితే నేను మళ్ళీ నీ వెనకే ఎక్కుతాను, అది నా చేతుల్లో లేదు. అందుకే రాను."

కోపంగా అని ఉంటే ఇంకాసేపు బతిమాలేదాన్ని. ఆమె మామూలుగానే అంది.